పేషీ రొట్టెలు

వనపర్తిలో మేమున్న ఇంటికి వీధి పొడుగునా అరుగు ఉండేది. కచేరిలో, అంటే కోర్టులో, కేసుల పేషీలున్న రోజు ఆ అరుగు మీద కాలు పెట్టే సందు దొరికేది కాదు. ముందురోజు పొద్దుగూకే వేళకే పల్లెల నుంచి జనం దిగేవాళ్లు. చేతిలో కర్ర, భుజం మీద గొంగడి, మూటలో ఇంత జొన్నపిండి. ఆ మూట తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మా, జర మా పిండి సుత కలుపు" అనేవాళ్లు. ఎవరి పిండితో వాళ్లకు రొట్టెలు చేయడం ఎక్కడ కుదురుతుంది? అంతా ఒకే గంగాళంలో పోసి కలిపేదాన్ని. పెనం దించేసరికి నా చేతులు మోచేతుల దాకా పిండి. వాటిని మా ఇంట్లో పేషీ రొట్టెలు అనేవాళ్లం.

మా ఆయన వకీలు. రైతు ఇంట్లో పుట్టి, హైదరాబాదులో ఉర్దూ చదువు చదివి, పరీక్ష పాసై వచ్చాడు. నల్ల షేర్వానీ వేసుకుని కచేరికి పోయేవాడు గానీ ఇంట్లో పంచె, బనీనే. ఎవరొచ్చినా ముందు తిన్నాకే కేసు సంగతి వినేవాడు. "ముందు తిననియ్యి. ఆకలి మీదున్నోడు కోపమే చెప్తడు గని సంగతి చెప్పడు" అనేవాడు నాతో.

ఆ రోజుల్లో మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. ఏ వకీలు ఇంట్లో రొట్టె తింటే ఆ వకీలు మనిషి. కాగితం మీద వేలిముద్ర తర్వాత, ముందు రొట్టె. ఒక ఇంట్లో తిని ఇంకొక వకీలు దగ్గరికి పోయినవాణ్ని ఊళ్లో మంచిగా చూసేవాళ్లు కాదు. అందుకని కొత్తవాళ్లు వస్తే మా అత్త వాకిట్లోనే నిలబెట్టి అడిగేది: "యాడన్న తినొచ్చినవా బిడ్డా?" తినలేదంటేనే లోపలికి రానిచ్చేది.

నేను పుట్టింది అయిజ దగ్గర పల్లెలో. అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప నాకు చదువు రాదు. మా పుట్టింటి వైపు మాటల్లో కన్నడం కలుస్తుంది. త్వరగా అనడానికి నేను "బేగ" అంటే, "మీ సరిహద్దు మాటలు మా వంటింట్ల పెడ్తవా?" అని అత్త నవ్వేది. కొన్నాళ్లకు అరుగు మీద వాళ్లంతా నన్ను చూసి "బేగ, బేగ" అనడం నేర్చుకున్నారు.

అట్లా నేర్చుకున్నవాళ్లలో ఒకామె ఉంది. మా ఇంట్లో ఆమెను బావి అక్క అనేవాళ్లం. ఆమెది కొల్లాపూర్ దారిలో ఒక పల్లె. నాకంటే కొంచెం పెద్దది, మనిషి పొడుగు, గొంతు ఇంకా పొడుగు. ఆమె, ఆమె మొగుడు ఒక ఎర్రచెలకను కౌలుకు తీసుకున్నారు. వాన పడితే పంట, లేకపోతే లేదు. కొన్నేళ్లు అట్లా చేసి, ఇక లాభం లేదని ఇద్దరూ బావి తవ్వడం మొదలుపెట్టారు. రాయి పడింది. రాయిని పగలగొట్టారు. మళ్లీ రాయి పడింది. చివరికి నీళ్లు పడ్డాయి. నీళ్లు పడిన ఏడాదే జ్వరమొచ్చి మొగుడు పోయాడు. ఆయన దినాలు కాకముందే భూమి గల పట్టాదారు మనిషిని పంపాడు, "భూమి వదిలిపెట్టు" అని. వట్టి చెలకగా ఉన్నన్నాళ్లు ఆయనకు ఆ భూమి గుర్తు లేదు. నీళ్లొచ్చేసరికి గుర్తొచ్చింది.

కచేరిలో పట్టాదారు చెప్పిన మాట ఒక్కటే. వీళ్లు కౌలుదార్లు కారు, నా దగ్గర జీతానికున్నవాళ్లు, బావి నేను తవ్వించాను అని. కౌలుకు కాగితం లేదు. మా వైపు ఎవరు రాసుకునేవాళ్లు కాగితం? నోటి మాట మీదే నడిచేది.

మొదటిసారి ఆమె మా ఇంటికి వచ్చిన రోజు మూటలో పిండి లేదు. సిగ్గుపడకుండా అడిగింది, "చెల్లె, ఇయ్యాల నీ పిండే. నా భూమి నాకొచ్చినంక నా పిండి నీకు" అని. తిని, చేతులు కడుక్కుని, మా ఆయన ముందు కూర్చుని చెప్పింది: "సాబూ, నాకు భూమి ఇప్పియ్యకున్నా మంచిదే. ఆ బావి ఆయన తవ్విచ్చిండంటుండు గద, ఆ మాట అబద్ధమని పెద్ద గొంతుతోటి ఒక్కసారి చెప్పు." మా ఆయన నవ్వి, "గొంతు నీకే ఉందమ్మ. భూమి సంగతి నేను చూస్త" అన్నాడు.

చూడటం అంటే ఒక ఏడాదా, రెండేళ్లా? పేషీ మీద పేషీ పడింది. తీర్పు తేలేదాకా ఆ భూమిలో రెండు పక్షాలవాళ్లూ నాగలి పెట్టరాదని కచేరి హుకుం ఇచ్చింది. బావిలో నీళ్లు బావిలోనే ఉన్నాయి, చేను నిండా గరిక మొలిచింది. ఆమె పక్కవాళ్ల చేలల్లో కూలికి పోయేది. పేషీ ఉన్నప్పుడల్లా మా అరుగు మీద పడుకునేది. తెల్లారి లేచి నాతో పాటు పిండి కలిపేది. ఆమె తట్టిన రొట్టె నా రొట్టె కంటే పెద్దది, అంచు విరగకుండా గుండ్రంగా వచ్చేది. "పట్టాదారు మొఖం తలుచుకుని కొట్టు చెల్లె, నీకు సుత మంచిగొస్తది" అనేది.

ఆ నడుమనే మా ఆయనను వకీళ్లంతా కలిసి తమ తరఫున హైదరాబాదు శాసనసభకు పంపారు. వనపర్తి రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి పోయేవాడు, సభ అయ్యాక వచ్చేవాడు. ఊళ్లో రెండు రకాల మాటలు. "సర్కారుకు సలాము కొట్టనీకి పోతుండు" అని కొందరు. "కౌలుదార్లను మా మీదికి ఎగదోస్తుండు" అని పట్టాదార్లు. ఏళ్ల తరబడి దున్నిన కౌలుదారును ఇష్టమొచ్చినప్పుడు వెళ్లగొట్టరాదని చట్టం రావాలని ఆయన సభలో మాట్లాడబోతున్నాడని అందరికీ తెలిసిపోయింది. పెద్ద పెద్ద కేసులున్న పట్టాదార్లు మా అరుగు ఎక్కడం మానేశారు. అత్త బియ్యం గాదె వైపు చూసి, "మాట్లాడితే కడుపు నిండుతదారా?" అని అడిగింది కొడుకును. "మాట్లాడకపోతే నిండుతుండెనా?" అన్నాడాయన.

సభలో చెప్పాల్సిన మాటలను ఆయన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉర్దూలో చెప్పుకునేవాడు. నాకు అందులో జమీన్, పానీ తప్ప తెలిసేవి కావు. ఒక పేషీ రోజు బావి అక్క పిండి కలుపుతూ వింటూ ఉంది. ఆయన ఆగగానే అడిగింది.

"సాబూ, గందుల నా బావి సంగతి ఉందా?"

"అక్కడ ఒక్కరి సంగతి చెప్పరాదమ్మ. అందరి సంగతి చెప్పాలె."

"అందరి దాంట్ల నాది ఉంటదా?"

"ఉంటది" అన్నాడు.

"అయితే ఇగ చెప్పు. గని గట్ల నసగొద్దు. ఆడ అందరు పెద్దపెద్దోళ్లు ఉంటరు. పెద్దగ చెప్పు."

ఆయన ఆ పూట గుమ్మం దగ్గర మళ్లీ మొదటి నుంచి పెద్ద గొంతుతో చెప్పుకున్నాడు. వీధిలో పోయేవాళ్లు ఇంట్లో మొగుడూపెళ్లాలు కొట్లాడుకుంటున్నారని తొంగి చూశారు.

చట్టం అడిగినంత రాలేదు, కొంత వచ్చింది. కౌలుదారేనని రుజువైతే తీసేయడం అంత తేలిక కాదన్న మాట వరకు వచ్చింది. ఆ రుజువు దగ్గరే బావి అక్క కేసు ఆగి ఉంది. ఇంతలో రాజ్యమే మారింది. మిలట్రీ వచ్చింది, పోయింది. కచేరీలన్నీ కలిపేసి కొత్తగా ఏర్పాటు చేశారు. వనపర్తికి కొత్త జడ్జి వచ్చేదాకా ఆ కుర్చీలో కూర్చోమని మా ఆయనకు హుకుం వచ్చింది.

మొదటి రోజు కచేరి నుంచి వచ్చి భోజనానికి కూర్చుని, ఇంట్లో ఏం చేయాలో చెప్పాడు. అరుగు మీద ఎవరినీ పడుకోనీయరాదు. కేసున్న మనిషికి మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టరాదు. కూరగాయ ముక్క కూడా ఎవరి దగ్గరా తీసుకోరాదు.

"మన ఇంట్ల తిన్నోళ్లు మన మనుషులని ఊరంతా అనుకుంటరు గద" అన్నాడు. "రేపు వాడు గెలిస్తే రొట్టె పెట్టి గెలిపిచ్చిండంటరు. ఓడితే తిన్న ఇంట్లనే ఓడగొట్టిండంటరు."

అత్త ఊరుకుంటుందా? "వకీలున్నప్పుడు ఇల్లు కళకళలాడుతుండె. జడ్జి అయినవ్, ఇల్లు బొందలగడ్డ చేస్తున్నవ్."

ఆయన నా వైపు తిరిగాడు. నాతో అన్నాడు: "నేను వకీలుగ చేసిన కేసులన్ని నాగర్‌కర్నూల్ పంపియ్యమని పైకి రాసిన. బావి అక్కది సుత."

నేను గరిటె గిన్నెలో పడేశాను. "ఇన్నేండ్లు మోసింది మీరే గద!"

"గందుకే."

"మరి ఆమెకు ఎవరు చెప్తరు?"

"కాగితం పోతది."

"ఆమెకు చదువొచ్చా?"

చేయి కంచంలో ఆపాడు. "కేసు యాడికి పోయిందో నువ్వు చెప్పొచ్చు. ఏం చేయాల్నో నేను చెప్పరాదు. నువ్వు సుత నా మాటగ ఏం చెప్పరాదు" అన్నాడు. అన్నం సగంలో లేచాడు. ఆయనకు సులువు కాలేదని నాకు తెలుసు. కానీ లేచాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కాగితం ఆమెకు చేరకముందే, నేను కబురు పంపకముందే, మృగశిర కార్తె వచ్చి మిరుగు వానలు పడ్డాయి.

పొద్దున్నే నేను వాకిలి ఊడుస్తుంటే వీధి చివర నుంచే గొంతు వినిపించింది. "చెల్లె! బేగ రా, దించు!" నెత్తి మీద గడ్డి పరిచిన గంప. గంప నిండా కొల్లాపూర్ మామిడిపండ్లు. వాసన ఆమె కంటే ముందు వచ్చింది. అరుగు మీద గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఎప్పటిలాగే గుమ్మం వైపు నడిచింది. నేను చీపురు పట్టుకుని అడ్డం నిలబడ్డాను. చెప్పొద్దూ, నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు.

"అక్కా, ఏం పని మీద వచ్చినవ్?"

"ఏంది చెల్లె, పోలీసోని లెక్క అడుగుతున్నవ్?"

"కేసు పని మీదనా?"

ఆమె పగలబడి నవ్వింది. "ఇంకేం కేసు? అయిపాయె గద! మన వకీలు సాబే జడ్జి కుర్చీల కూసుండె. మా ఊళ్లె అందరికి బెల్లం పంచిన. మా తమ్మున్ని పిలిచి నాగలి కట్టిచ్చిన. గరికంత తీసి ఆముదాలు, కందులు పెట్టిన. మొలకలు సుత లేసినయి. చూస్తే కండ్లు సల్లబడ్తయి చెల్లె."

తీర్పు లేకుండా, హుకుం ఉండగా, ఆ భూమిలో నాగలి పెట్టింది. మన వకీలు జడ్జి అయితే కేసు గెలిచినట్లేనని ఆమె ఒక్కతే అనుకోలేదు. ఆమె బెల్లం తిన్న ఊరంతా అట్లాగే అనుకుంది. ఏ ఒక్కరికీ అడ్డు చెప్పాలని తోచలేదు.

మా ఆయన షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. అంతా విన్నాడు.

"తీర్పయిందా?" అని అడిగాడు.

"మీరే గద తీర్పు, సాబూ!"

ఆయన ఆమెను చూడకుండా నన్ను చూసి అన్నాడు. "పండ్లు తీసుకపొమ్మను." తర్వాత ఆమెతో అన్నాడు, "అమ్మా, అరుగు దిగు."

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది, పరిహాసమనుకుని. ఆయన నవ్వలేదు.

"ఇన్నేండ్లు నీ ఇంట్ల తిన్న. ఇయ్యాల దిగమంటున్నవా?"

"దిగమంటున్న."

లోపలి నుంచి అత్త అరిచింది. "ఓరి, ఆడబిడ్డ లెక్క వచ్చిన మనిషిరా అది! కుర్చీ ఎక్కినంక కండ్లు నెత్తికెక్కినయా?"

ఆయన మెట్లు దిగి కచేరి వైపు నడిచిపోయాడు. ఏమీ తినలేదు. నడక మాత్రం ఎక్కడా తడబడలేదు.

ఆమె గంప ఎత్తుకుంది. నేను వెంట పోయాను. వీధి మలుపులో వేపచెట్టు నీడన కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఈయన నీ వకీలుగా ఉన్నాడు కాబట్టి ఈ కేసు వినరాదు, నాగర్‌కర్నూల్‌లో వేరే జడ్జి వింటాడు, అక్కడ వేరే వకీలు కావాలి అని. విని విని చివరికి అడిగింది:

"అంటే మనోడు జడ్జి అయితే నాకు నష్టమేనా?"

"నష్టమే అక్కా."

"అట్లయితే వకీలుగనే ఉండరాదా? ఎవరడిగిన్రు కుర్చీ ఎక్కమని?" కళ్లలో నీళ్లు, నోట్లో నవ్వు. "నాకు కొత్త వకీలు వద్దు, ఏం వద్దు. మొలకలొచ్చినయి. నేను చేను గట్టు మీద కూసుంట. ఎవడొస్తడో రానీ."

వారం తిరక్కుండానే పట్టాదారు నాగర్‌కర్నూల్‌లో ఫిర్యాదు చేశాడు, హుకుం మీరి దున్నిందని. పేషీకి రమ్మని ఆమెకు పిలుపు వచ్చింది. ఆమె పోనంది. పోకపోతే పట్టాదారు చెప్పిందే నిజమని రాసేస్తారు. భూమి, బావి రెండూ ఆ పూటతో పోతాయి. ఆ మాట నేను కబురు మీద కబురు పంపాను. జవాబు ఒకటే: "నేను మొలకలు వదిలి రాను."

అప్పుడు నేను నిశ్చయించుకున్నాను. నాగర్‌కర్నూల్‌లో ఒక వకీలు ఉన్నాడు. అంతకుముందు వనపర్తిలో మా పక్కింట్లోనే ఉండి, కచేరిలో మా ఆయనతో కోడిపుంజులా పొడుచుకునేవాడు. ఆయన పెళ్లాం, నేను ఒకే ఇసుర్రాయికి రెండు వైపులా కూర్చుని ఎన్ని బస్తాల జొన్నలు విసిరామో మాకే తెలుసు.

సాయంత్రం మా ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పాను.

"నేను రేపు నాగర్‌కర్నూల్ పోత."

"ఎందుకు?"

"నా దోస్తు ఇంటికి."

"ఒక్కదానివేనా?"

"బావి అక్కను తీసుకొని పోత."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "జడ్జి పెండ్లాం కోర్టుల నిలబడితే అక్కడి జడ్జి ఏమనుకుంటడు?"

"కోర్టు గడప తొక్క. ఇంట్లనే ఉంట."

"ఆ వకీలుకు నా పేరు చెప్పరాదు."

"మీ పేరు నేను చెప్పాల్నా ఆయనకు? ఇన్నేండ్లు మిమ్మల్ని తిట్టుకుంటనే గద అన్నం తిన్నడు."

కుర్చీ ఎక్కాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. నవ్వి, వెంటనే ముఖం మార్చుకుని, "నేనేం వినలే" అని చేయి కడుక్కున్నాడు. అత్త గోడవతల నుంచి అంది: "పో బిడ్డా. రొట్టెలు నేను చేసుకుంట. వానికి మాడినయే పెడ్త."

తెల్లారి బండి కట్టించుకుని ఆమె ఊరికి పోయాను. గట్టు మీదే ఉంది. మొలకలను చూస్తే నిజంగానే కళ్లు చల్లబడ్డాయి. "అక్కా, నువ్వు ఇక్కడ కూసుంటే ఈ మొలకలను కాస్తవు. నాగర్‌కర్నూల్ వస్తే భూమిని కాస్తవు. ఏది కావాల్నో చెప్పు" అన్నాను. ఆమె తమ్ముణ్ని పిలిచి గట్టు మీద కూర్చోబెట్టి, కాళ్లు కడుక్కుని బండెక్కింది.

వనపర్తికి వచ్చి బస్సెక్కాం. దారి పొడుగునా చేలల్లో విత్తనాలు వేసే గొర్రులు తిరుగుతున్నాయి. ఆమె కిటికీలోంచి చూస్తూ, ఎవరి చేనులో సాళ్లు వంకరగా ఉన్నాయో చెప్పి తిట్టుకుంటూ వచ్చింది. ఆ తిట్లు వింటే నాకు ధైర్యం వచ్చింది.

మమ్మల్ని చూసి ఆ వకీలు గుమ్మంలోనే అన్నాడు: "ఏందమ్మా, జడ్జి సాబు ఇంటామె నా ఇంటికి! ఏమన్న తీర్పు తప్పు రాసిండా, నాతోటి దిద్దిపిచ్చుకుందమని పంపిండా?"

"అన్నా, నేను చుట్టరికం మీద వచ్చిన" అన్నాను. "ఈమె ఆకలి మీద వచ్చింది."

ఆయన నవ్వు ఆపేశాడు. ఆమెను తేరిపార చూశాడు. ఎవరి కేసో గుర్తుపట్టాడు. లోపలికి తిరిగి పెళ్లాంతో, "రొట్టె పెట్టు" అన్నాడు. అంతే. నేను మా ఆయన పేరు ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

నా స్నేహితురాలు వేడి రొట్టె, తొక్కు, ఉల్లిగడ్డ పెట్టింది. బావి అక్క కంచం ముందు కూర్చుంది. రొట్టె మీద చేయి పెట్టి అట్లాగే ఉండిపోయింది.

"తిను అక్కా, సల్లగైతది."

"చెల్లె, గిది తింటే నీ ఇంటి మనిషిని కాను గద."

మా అరుగు, ఆమె తట్టిన గుండ్రటి రొట్టెలు అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. గట్టిగానే అన్నాను: "కాకుంటే కాకపో. నీ బావి నీకుండాలె. తిను."

తింది. ముక్క ముక్కకూ నన్ను చూస్తూ తింది. తిని, చేయి కడుక్కుని, ఆ వకీలు ముందు కూర్చుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. నేను లేచి వంటింట్లోకి పోయాను. అది ఇక నా ఇంటి కేసు కాదు.

మరునాడు ఆమె కచేరికి పోతే నేను, నా స్నేహితురాలు ఇసుర్రాయి ముందు కూర్చున్నాం. పాట ఎత్తుకోవాలని ఇద్దరికీ తోచలేదు. పొద్దు వాలాక ఆమె వచ్చింది. చెంబెడు నీళ్లు తాగి, నడి ఇంట్లో నిలబడి, అందరి గొంతులూ తానే మార్చి మార్చి చెప్పింది.

"పట్టాదారు వకీలు లేసిండు. 'ఎవరు చెప్తే దున్నినవ్?' అన్నడు. 'వాన చెప్పింది' అన్న. అందరు నవ్విన్రు. జడ్జి సాబు నవ్వలే. మల్ల వాడు మెత్తగ అడిగిండు చెల్లె, దొంగ పిల్లి లెక్క. 'నీ పాత వకీలు జడ్జి అయిండు గద, ఆయన దున్నుకొమ్మన్నడు గద, జర నిజం చెప్పు' అన్నడు. నాకు కోపమొచ్చింది. 'చెప్తే ఎంత బాగుండు' అన్న. 'ఒక్క మాట చెప్పలే. పండ్లు తీసుకపోతే ముట్టలే. ఇన్నేండ్లు తిన్న అరుగు దిగుమన్నడు. ఆయన చెప్పేటోడే అయితే నేను ఈ ఊరికి ఎందుకొస్త? వనపర్తిలనే తిని పండకపోదునా?' అన్న. జడ్జి సాబు కలం తీసి రాసుకున్నడు. వాడు కూసున్నడు."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆ పూట ఆమె చేతుల్లో తన భూమి ఒక్కటే కాదు, మా ఆయన పేరు కూడా ఉందని ఆమెకు తెలియదు.

తర్వాత పేషీలకు ఆమె ఒక్కతే పోయింది. ఊరి నుంచి సాక్షులు వెంట నడిచారు. బావిలో రాయి కొట్టినవాళ్లు వచ్చి తమకు ఎవరు గంజి పోశారో చెప్పారు. కల్లంలో కావలి ఉన్నవాళ్లు వచ్చి, ఏటా రాశి దగ్గర పట్టాదారు మనిషి తన వాటా కొలుచుకుని పోయేవాడని చెప్పారు. కొత్త వకీలు ఒక్క మాట అడిగాడట: "జీతగానికి జీతమిస్తరు గని, వాని దగ్గర వాటా తీసుకుంటరా?"

చలికాలంలో తీర్పు వచ్చింది. ఆమె కౌలుదారే, భూమి నుంచి తీసేయరాదు అని. దాంతో పాటు ఇంకొకటి. హుకుం మీరినందుకు కచేరి లేచేదాకా ఆమెను నిలబెట్టారు, చేనులో ఉన్న ఆముదం, కంది అంతా సర్కారు జప్తు చేసింది. ఒక్క గింజ దక్కలేదు.

భోజనం దగ్గర మా ఆయనను అడిగాను. "తెలిసిందా?"

"తెలిసింది."

"పంటంత పాయె."

"పోవాల్సిందే."

"మీరైతే ఏం రాద్దురు?"

నమిలి, మింగి, చెప్పాడు. "అదే రాద్దును. జప్తు సుత రాద్దును."

నాకు ఒళ్లు మండింది. ఆ పూట ఆయనకు రెండోసారి చారు పోయలేదు. ఆయన అడగలేదు కూడా.

ఏడాది తిరిగేసరికి ఆయనను జడ్జిగా ఖాయం చేసి గద్వాల వేశారు. సామాను కట్టే ముందు కొల్లాపూర్‌లో మా బంధువుల పెళ్లి పడింది. బండిలో అందరం బయలుదేరాం. దారిలో నేనే అన్నాను, "ఇప్పుడన్న పోవచ్చునా ఆమె దగ్గరికి?" అని. "ఇప్పుడు ఆమె కేసు లేదు, నేను ఆ ఊరి జడ్జిని కాను. పోదాం" అన్నాడు. అత్త నన్ను గిల్లి, "పర్వాలేదు, వాని లోపల మనిషి ఇంకా బతికే ఉన్నడు" అంది.

మళ్లీ మిరుగు. నల్లమల వైపు ఆకాశం నల్లగా దిగి ఉంది. ఎర్రచెలకలో తమ్ముడు గొర్రు తోలుతున్నాడు. వెనక ఆమె, ఒడిలోంచి గింజలు తీసి గొర్రు నోట్లో వదులుతూ. వేళ్ల సందుల్లోంచి జొన్న ఆగకుండా జారుతోంది. నేను బండిలోంచే కేకేశాను.

"అక్కా! బేగ రా! ఎవరొచ్చిన్రో చూడు!"

చూసింది. చేయి ఆపలేదు, నడక ఆపలేదు. "ఈ సాలు అయినంక వస్త!"

"జడ్జి సాబు వచ్చిండు, ఎండల నిలబడ్డడు!"

"నిలబడనీ! నేను నిలబడలేదా కచేరి లేసేదాక?"

ఆ సాలు అవతలి గట్టు దాకా పోయింది. ఎడ్లు తిరిగాయి. ఆమె ఒకసారి ఆకాశం వైపు చూసి, ఒడి సర్దుకుని, ఇంకొక సాలు మొదలుపెట్టింది. మా ఆయన చెప్పులు విడిచి గట్టు మీద కూర్చున్నాడు.